ఆఖరి ఓవర్ ఎవరిది? (మైదానంలో మన చరిత్ర – 7వ భాగం)



2024 మే 26, ఆదివారం రాత్రి. నూజివీడు పక్కన ఒక మామిడి తోటలో ఉన్నాను. బంగినపల్లి కోత చివరికొచ్చింది, చిన్నరసాలు ఇంకా దిగుతున్నాయి. పొద్దున కోసిన కాయని రేకుల షెడ్డు కింద పోసి, సైజు ప్రకారం ఏరి ట్రేలకి ఎత్తుతున్నారు మా పల్లె కుర్రాళ్ళు. తెల్లారేలోపు లోడు కదలాలి. ఒక ట్రేకి సెల్‌ఫోన్ ఆనించి పెట్టారు. అందులో ఐపీఎల్ ఫైనల్. చెన్నైలో హైదరాబాద్ సన్‌రైజర్స్, కోల్‌కతా నైట్‌రైడర్స్.

ఆ మ్యాచ్ మీకందరికీ గుర్తుండే ఉంటుంది. మొదటి ఓవర్లో స్టార్క్ వేసిన బంతికి అభిషేక్ శర్మ స్టంపు ఎగిరింది. రెండో ఓవర్లో ట్రావిస్ హెడ్ ఎదుర్కొన్న తొలి బంతికే కీపర్‌కి క్యాచ్ ఇచ్చాడు. సున్నా. అంతకు ఐదు రోజుల ముందు అహ్మదాబాద్ క్వాలిఫయర్‌లోనూ సున్నాయే. సన్‌రైజర్స్ 113కి ఆలౌట్ అయింది. కోల్‌కతా 10.3 ఓవర్లలో కొట్టి పడేసింది.

షెడ్డులో గోల మొదలైంది.

"లీగ్‌లో పులి, ప్లేఆఫ్స్‌లో పిల్లి."

"ఆరు నెలల కిందట అదే అహ్మదాబాద్‌లో ప్రపంచ కప్ ఫైనల్లో 137 కొట్టి మనందర్నీ ఏడిపించింది ఎవడ్రా మరి?"

"అది వన్డే. ఇది వేరు."

"క్వాలిఫయర్ రెండులో 34 కొట్టాడుగా."

"అదీ ఒక స్కోరేనా?"

కాయ ఏరే చేతులు ఆగలేదు, నోళ్ళూ ఆగలేదు. నేనూ కలిశాను. ఇలాంటి వాదన అంటే నాకు చెడ్డ ఇష్టం. అప్పటిదాకా ఒక మూల ట్రేల మీద గడ్డి పరుస్తున్న మా పెద్దమ్మ కొడుకు, మాకందరికీ అన్న, తలెత్తకుండా ఒక మాట అన్నాడు.

"ఆడు సున్నా కొడితే ఆడికే సున్నా ఏశారు. నేను ఒక్క ఫోరు ఇస్తే మన పల్లె మొత్తానికి ఏశారు."

షెడ్డు చప్పున చల్లబడింది. చిన్నోళ్ళకి సంగతి తెలియదు. నాకు తెలుసు. ఈ ఏడో భాగం అసలు వేరే అంశం మీద రాయాల్సింది. అన్న మాటతో దారి మారింది.

*

1997 వేసవి. మండల స్థాయి టోర్నమెంట్. ఊరి జట్టుకి ఫాస్ట్ బౌలర్ లేడు. పల్లెలో మా అన్న ఉన్నాడు. చెప్పుల్లేని కాళ్ళతో పరిగెత్తుకొచ్చి వేస్తే కార్క్ బాలు కీపర్ గ్లవ్స్‌లో పగిలినట్టు మోగేది. ఊరి కుర్రాళ్ళు వచ్చి పిలిచారు. మా పెద్దమ్మ వద్దంది. అన్న వెళ్ళాడు. ఆ టోర్నమెంట్‌లో ఊరి జట్టు ఫైనల్‌దాకా వెళ్ళిందంటే సగం అన్న చేతి చలవే.

ఫైనల్ రోజు మధ్యాహ్నం పులిహోర పొట్లాలు పంచారు. జట్టంతా మోటారు షెడ్డు అరుగు మీద కూచుని తిన్నారు. అన్న పొట్లం చెట్టు కిందకొచ్చింది. నీళ్ళు దోసిట్లో పైనుంచి పోశారు. నేను పక్కనే ఉన్నాను, నాకు పదమూడేళ్ళు.

మొదట బ్యాటింగ్ మనవాళ్ళది. ఓపెనర్ ఊళ్ళో పెద్ద రైతు కొడుకు. జట్టుకి స్టార్ ఆయనే. మొదటి బంతికే బౌల్డ్. జట్టు 71కి కూలింది. తర్వాత అన్న మూడు ఓవర్లు వేసి 9 పరుగులిచ్చి మూడు వికెట్లు తీశాడు. ఆఖరి ఓవర్ వేయడానికి ఎవరూ ముందుకు రాలేదు. బంతి అన్న చేతికే వచ్చింది. అవతలివాళ్ళకి 8 పరుగులు కావాలి. నాలుగు బంతుల్లో నాలుగొచ్చాయి. ఐదో బంతి బ్యాట్ అంచుకి తగిలి స్లిప్ పక్కనుంచి బౌండరీకి పోయింది.

అంతే. మ్యాచ్ పోయింది.

తిరిగొచ్చేటప్పుడు ట్రాక్టర్ ట్రక్కులో మాటలు విన్నాను. ఓపెనర్ గురించి, "పాపం ఎండ దెబ్బ, పొద్దున్నుంచీ తలనొప్పంట" అన్నారు. అన్న గురించి, "ఎంతైనా పల్లెలోళ్ళు, ఆఖర్లో గుండె జారిపోద్ది" అన్నారు. ఒకడు ఇంకా ముందుకెళ్ళి కులం పేరు పెట్టి అన్నాడు. అన్న ట్రక్కు వెనక తలుపు పట్టుకుని నిలబడే ఉన్నాడు. వినపడనట్టు ఉన్నాడు.

ఆ తర్వాత అన్న మళ్ళీ బంతి పట్టలేదు. ఇరవయ్యేడేళ్ళుగా చిక్కం కర్రే పడుతున్నాడు. మామిడి కోత తెలిసినవాళ్ళకి తెలుసు, చిక్కంలో పడని కాయ కింద పట్టిన గోనెపట్టాలో పడాలి. నేలకి తగిలితే కాయకి దెబ్బ, దెబ్బ కాయకి రేటుండదు. చెట్టు కింద నిలబడి అన్న పట్టే క్యాచ్‌లు నేను ఏ మైదానంలోనూ చూడలేదు.

ఒకే మ్యాచ్‌లో ఇద్దరు విఫలమయ్యారు. ఒకరికి ఎండ దెబ్బ, ఇంకొకరికి కులం. ఈ రెండు కొలతలు మా ఊరితో మొదలు కాలేదు. భారత క్రికెట్‌కి ఎంత వయసుందో వీటికీ దాదాపు అంత వయసుంది.

*

పల్వంకర్ బాలూ పేరు మనలో చాలామందికి తెలియదు. సి.కె. నాయుడు పేరు తెలుసు. ఆయన పుట్టింది నాగపూర్‌లోనే అయినా కుటుంబ మూలాలు మచిలీపట్నం వైపువి కాబట్టి కృష్ణా జిల్లావాళ్ళం గర్వంగా చెప్పుకుంటాం. 1916లో నాయుడు బొంబాయి క్వాడ్రాంగులర్ పోటీల్లో హిందూ జట్టుకి ఆడటం మొదలుపెట్టాడు. 1932లో భారత్ తొలి టెస్టుకి కెప్టెన్ అయ్యాడు. నాయుడు చేరేనాటికే ఆ హిందూ జట్టుకి పదేళ్ళ నుంచి గెలుపులు తెచ్చిపెడుతున్న ఎడమచేతి స్పిన్నర్ బాలూ. ధార్వాడ్‌లో పుట్టిన చమార్ కులస్తుడు. మనవాడు.

బాలూ క్రికెట్ జీవితం ఆటగాడిగా మొదలు కాలేదు, పనివాడిగా మొదలైంది. పుణెలో ఇంగ్లీషువాళ్ళ క్లబ్బులో పిచ్ చదును చేయడం, నెట్లు కట్టడం, దొరలు ప్రాక్టీస్ చేస్తుంటే బంతులు వేయడం ఆయన పని. జీతం నెలకి నాలుగు రూపాయలు. గ్రెగ్ అనే పేరున్న బ్యాట్స్‌మన్ తనని ఔట్ చేసిన ప్రతిసారీ ఎనిమిది అణాలు ఇచ్చేవాడని ఒక కథ చెబుతారు. గంటల తరబడి వాళ్ళకి బంతులు వేసి వేసి బాలూ దేశంలోనే గొప్ప స్పిన్నర్ అయ్యాడు. బ్యాట్ మాత్రం చేతికివ్వలేదు. కష్టం మనది, ముద్దుముచ్చట వాళ్ళది.

పుణె హిందూ జట్టుకి గెలుపు కావలసొచ్చింది, బాలూని తీసుకున్నారు. మైదానంలో ఆయన ముట్టుకున్న బంతినే అందరూ ముట్టుకున్నారు. టీ విరామంలో మాత్రం ఆయనకి పెవిలియన్ బయట, వాడి పారేసే మట్టి ముంతలో టీ పోశారు. భోజనం వేరే చోట, వేరే పళ్ళెంలో. 1997లో మా అన్న దోసిట్లో పోసిన నీళ్ళు ఆ మట్టి ముంతలోవే. మధ్యలో వందేళ్ళు గడిచాయి, అంతే తేడా.

1906లో బొంబాయిలో హిందువులు యూరోపియన్లని 109 పరుగుల తేడాతో ఓడించారు. రెండో ఇన్నింగ్స్‌లో దొరల జట్టుని 102కే కూల్చింది బాలూ, ఎరాషాల బౌలింగ్. తెల్లవాళ్ళని వాళ్ళ ఆటలోనే ఓడించారని దేశమంతా పండగ చేసుకుంది. 1911లో పాటియాలా మహారాజా నాయకత్వంలో ఇంగ్లండ్ వెళ్ళిన జట్టు చాలా మ్యాచ్‌లు ఓడిపోయింది. బాలూ మాత్రం పర్యటన మొత్తంలో 114 వికెట్లు తీశాడు. అప్పటికే వయసు ముప్పై అయిదు, భుజం నొప్పి.

1912 నుంచి క్వాడ్రాంగులర్ అంటే నాలుగు జట్లు. హిందువులు, ముస్లింలు, పార్సీలు, యూరోపియన్లు. ఓడితే ఇంటికే. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే ప్రతి మ్యాచూ ప్లేఆఫే. అలాంటి మ్యాచ్‌లలో ఏళ్ళ తరబడి నిలబడ్డ మనిషిని "పెద్ద మ్యాచ్ ఆటగాడు" అనకపోతే ఇంకెవర్నంటాం? అయినా ఆయన్ని కెప్టెన్ చేయలేదు. వికెట్లు తీయడానికి సరిపోయినవాడు ఫీల్డర్లని నిలబెట్టడానికి సరిపోలేదు.

1920లో ఇది బద్దలైంది. బాలూ తమ్ముళ్ళు విఠల్, శివరామ్ కూడా హిందూ జట్టులో ఆడేవాళ్ళు. ఆ ఏడు బాలూని పక్కనపెట్టారు. కెప్టెన్ పాయ్ మొదటి మ్యాచ్‌కి లేకపోతే, సీనియర్ అయిన విఠల్‌ని కాదని దేవధర్‌కి బాధ్యత ఇచ్చారు. ఇది కుల వివక్ష అని చెప్పి తమ్ముళ్ళిద్దరూ జట్టు నుంచి తప్పుకున్నారు. పెద్ద టోర్నమెంట్ మధ్యలో, పేరు పోతుందని తెలిసీ తప్పుకున్నారు. ఒత్తిడికి దిగొచ్చి బాలూని వైస్ కెప్టెన్‌గా తీసుకొచ్చారు. 1923లో విఠల్ కెప్టెన్ అయ్యాడు. ఆ ఏడు హిందువులు ఫైనల్లో యూరోపియన్లని ఓడించారు. విఠల్‌ని భుజాల మీద మోశారు.

ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పాలి. బాలూ తర్వాతి రాజకీయాలతో మనకి పేచీ ఉంది. 1932 పూనా ఒప్పందంలో అవతలి వైపు నిలిచాడు. 1937 ఎన్నికల్లో బొంబాయిలో బాబాసాహెబ్ మీద కాంగ్రెస్ తరఫున పోటీ చేశాడు. బాబాసాహెబ్‌కి 13,245 ఓట్లు, బాలూకి 11,225. బాబాసాహెబ్ గెలిచాడు. అంతమాత్రాన మైదానంలో బాలూకి జరిగింది మారదు. మనకి నచ్చిన రాజకీయం ఉన్నవాళ్ళకే చరిత్ర ఇస్తామంటే, కెప్టెన్సీ తమవాళ్ళకే ఇచ్చినవాళ్ళకీ మనకీ తేడా ఏముంటుంది?

బాలూ జీవితంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆయన తీసిన వికెట్లు కాదు, ఆయనకి ఓడిపోయే వీల్లేకపోవడం. నాలుగు మ్యాచ్‌లు ఆడకపోతే జట్టులో ఉండడు. ఉండడమే దయ అన్నట్టు ఉంచారు. ప్రతి సాయంత్రం గెలిచి తీరాల్సిన మనిషి ఎంత అలిసిపోతాడో స్కోరుకార్డు చెప్పదు.

*

వందేళ్ళ కిందటి సంగతి అనుకునేవాళ్ళు 2021కి రండి.

జులై 11. లండన్ వెంబ్లీలో యూరో ఫుట్‌బాల్ ఫైనల్. ఇటలీ చేతిలో ఇంగ్లండ్ పెనాల్టీల్లో ఓడింది. రాష్‌ఫోర్డ్, సాంచో, సాకా పెనాల్టీలు పోయాయి. ముగ్గురూ నల్లజాతి ఆటగాళ్ళు. సాకాకి పందొమ్మిదేళ్ళు. ఆ రాత్రి నుంచే వాళ్ళ మీద జాతి తిట్లు మొదలయ్యాయి. మాంచెస్టర్‌లో రాష్‌ఫోర్డ్ గోడ చిత్రాన్ని పాడుచేశారు. ఆ జట్టు కోచ్ గారెత్ సౌత్‌గేట్. 1996లో ఇదే వెంబ్లీలో, ఇదే టోర్నమెంట్ సెమీఫైనల్లో జర్మనీ మీద పెనాల్టీ పోగొట్టినవాడు. అప్పుడు ఆయనకేమైంది? తిట్లు ఆయనా తిన్నాడు. కానీ ఆ పోగొట్టిన పెనాల్టీ మీదే జోకుగా ఒక పిజ్జా ప్రకటనలో నటించాడు. ఇరవయ్యేళ్ళ తర్వాత దేశానికే కోచ్ అయ్యాడు. ఆయన తప్పు ఆయనదే అయింది, ఆయన చర్మానిది కాలేదు.

ఆగస్టు 4. టోక్యో ఒలింపిక్స్ మహిళల హాకీ సెమీఫైనల్. అర్జెంటీనా 2, భారత్ 1. ఉత్తరాఖండ్ హరిద్వార్ దగ్గర రోష్నాబాద్‌లో, భారత ఫార్వర్డ్ వందనా కటారియా ఇంటి ముందు కొందరు ఆధిపత్య కులాలవాళ్ళు టపాసులు కాల్చి, గంతులేసి, కులం పేరుతో తిట్టారని ఆ కుటుంబం ఫిర్యాదు చేసింది. జట్టులో దళితులు ఎక్కువైపోయారు కాబట్టే ఓడారన్నారట. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నమోదైంది, అరెస్టులు జరిగాయి.

ఇప్పుడు ఆట తెలిసినవాళ్ళుగా లెక్క చూద్దాం. నాలుగు రోజుల ముందు, జులై 31న దక్షిణాఫ్రికా మీద 4–3తో గెలిచిన మ్యాచ్‌లో వందన మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ కొట్టిన తొలి భారత మహిళ. ఆ మ్యాచ్ గెలవకపోతే క్వార్టర్ ఫైనలే లేదు. సెమీఫైనల్లో అర్జెంటీనా రెండు గోల్సూ పెనాల్టీ కార్నర్ల నుంచి వచ్చాయి. వందన ఫార్వర్డ్. వాటికీ ఆమెకీ సంబంధమేంటి? రెండు రోజుల తర్వాత కాంస్యం కోసం బ్రిటన్‌తో 3–4తో ఓడిన మ్యాచ్‌లో భారత్ మూడో గోల్ మళ్ళీ వందనదే. ఆ మేలో తండ్రి చనిపోతే, శిక్షణ శిబిరంలో ఉండి అంత్యక్రియలకి కూడా వెళ్ళలేకపోయిన అమ్మాయి ఆమె. వారం రోజుల్లో ఒకే మనిషి దేశానికి బిడ్డ అయింది, వీధికి అంటరానిది అయింది, మళ్ళీ స్టిక్ పట్టుకుని గోల్ కొట్టింది.

అక్టోబర్ 24. దుబాయ్. టీ20 ప్రపంచ కప్‌లో పాకిస్తాన్ 152 పరుగుల్ని ఒక్క వికెట్ పోకుండా కొట్టింది. ఒక్క వికెట్ పోకుండా అంటే భారత బౌలర్లలో ఏ ఒక్కడూ వికెట్ తీయలేదని అర్థం. మన ఇన్నింగ్స్‌లో రోహిత్ శర్మ మొదటి బంతికే ఔటయ్యాడు. తిట్లు మాత్రం మహమ్మద్ షమీకి ప్రత్యేకంగా వచ్చాయి, మతం పేరు పెట్టి. అది ప్లేఆఫ్ కాదు, లీగ్ మ్యాచే. కొలత మాత్రం అదే.

ఇక్కడ మన ముఖం కూడా అద్దంలో చూసుకోవాలి. ఆ రాత్రి షమీ మీద ఒక మెసేజ్ మా పల్లె యూత్ గ్రూపులోనూ తిరిగింది. అంబేద్కర్ బొమ్మ డీపీగా ఉన్న గ్రూపు. నేను చూశాను. అర్ధరాత్రి ఎందుకు గొడవలే అని ఊరుకున్నాను. మా అన్న ట్రాక్టర్ ట్రక్కులో విన్న మాట అదే. ఈసారి ట్రక్కులో కూచుని ఊరుకున్నవాణ్ణి నేను. ఇది రాయకుండా మిగతాదంతా రాయడం నిజాయితీ అనిపించుకోదు.

*

"అయితే స్టార్లని విమర్శించకూడదా అన్నా?" అని కొందరు తమ్ముళ్ళు అడుగుతారని తెలుసు. శుభ్రంగా విమర్శించండి. ఆటలో సగం ఆనందం అదే. కాకపోతే లెక్కతో మాట్లాడండి.

2011 నుంచి ఐపీఎల్‌లో ప్లేఆఫ్స్ పద్ధతి వచ్చింది. ఒక జట్టు ఎంత దూరం వెళ్ళినా ఆ దశలో ఆడేది రెండో మూడో మ్యాచ్‌లు. నాణేన్ని మూడుసార్లు ఎగరేస్తే మూడుసార్లూ బొరుసు పడే అవకాశం ఎనిమిదింట ఒకటి. అది పడిందని నాణెం పిరికిదని ఎవరూ అనరు. 2024 సీజన్ మొత్తం మీద హెడ్ 567 పరుగులు చేశాడు. ఏప్రిల్ 15న బెంగళూరు మీద 41 బంతుల్లో 102 కొట్టిన రోజు జట్టు 287 చేసింది. మొదటి బంతి నుంచీ బాదే ఓపెనర్‌కి సున్నాలు కూడా ఆ పద్ధతిలో భాగమే. రెండు సున్నాలు చూసి గుండె ధైర్యం కొలవలేం. నవంబర్‌లో 137 కొట్టిన గుండె మేలో మారిపోతుందా?

మన హైదరాబాద్‌దే ఇంకో ఉదాహరణ. 2009లో దేశంలో ఎన్నికలని ఐపీఎల్‌ని దక్షిణాఫ్రికాలో ఆడించారు. అంతకుముందు ఏడాది అట్టడుగున ఉన్న డెక్కన్ చార్జర్స్‌ని గిల్‌క్రిస్ట్ నడిపించాడు. సెమీఫైనల్లో ఢిల్లీ మీద 35 బంతుల్లో 85. ఫైనల్లో? మొదటి ఓవర్లోనే కుంబ్లే బౌలింగ్‌లో సున్నా. గిబ్స్ చివరిదాకా నిలబడి 53 కొట్టాడు, జట్టు 143 చేసింది, బెంగళూరు 137 దగ్గర ఆగింది. ఆరు పరుగుల తేడాతో కప్పు మనకొచ్చింది. ఆ ఆరు పరుగులు అటుపడి ఉంటే గిల్‌క్రిస్ట్ సున్నాని ఈ రోజుకీ తవ్వుతుండేవాళ్ళం. గెలిచాం కాబట్టి ఆ సున్నా ఎవరికీ గుర్తులేదు. సున్నా అదే. పక్కవాళ్ళు నిలబడ్డారా లేదా అన్నదే తేడా.

అందుకే ఈసారి ఎవరి గురించైనా "పెద్ద మ్యాచ్‌లో తేలిపోయాడు" అనేముందు ఈ నాలుగూ అడగండి.

1. ఎన్ని మ్యాచ్‌లు చూసి అంటున్నాం?

2. అదే రోజు ఇంకెవరు విఫలమయ్యారు? వాళ్ళ పేరు ఎందుకు రాలేదు?

3. ఎండ దెబ్బ, తలనొప్పి, ఫామ్ లేకపోవడం – ఈ సాకులు ఎవరికి దొరికాయి, ఎవరికి దొరకలేదు?

4. తిట్టిన మాట ఆటదా, పుట్టుకదా?

నాలుగో ప్రశ్న దగ్గర వాదన ఆగిపోవాలి. అక్కడినుంచి అది ఆట కాదు.

మన పిల్లలకి "నువ్వు గెలవాలి, రెండింతలు గెలవాలి" అని చెప్పి పెంచాం. తప్పు కాదు. బాలూ అలాగే బతికాడు. కానీ రిజర్వేషన్ సీటులో ఒక సబ్జెక్టు తప్పిన పిల్లాడికీ, సెమీఫైనల్లో ఓడిన అమ్మాయికీ, ఆఖరి ఓవర్లో ఫోరు ఇచ్చిన మా అన్నకీ ఒకటే శిక్ష పడుతోంది. పక్కవాడు తప్పితే వాడు తప్పాడంటారు. మనం తప్పితే కులం తప్పిందంటారు. గెలిచే హక్కు కోసం కొట్లాడినట్టే, మామూలుగా ఓడిపోయే హక్కు కోసం కూడా కొట్లాడాలి. ఓడి, ఇంటికొచ్చి, అన్నం తిని, మర్నాడు మళ్ళీ ఆడే హక్కు.

*

మళ్ళీ షెడ్డులోకి వస్తాను.

ఆ రాత్రి అన్న మాట విన్నవాళ్ళలో అన్న కొడుకూ ఉన్నాడు. కాలేజీ కుర్రాడు, సెలవులకి వచ్చి కోతకి దిగాడు. చేతుల మీద మామిడి సొన మచ్చలు. కాలేజీ జట్టులో వాడూ ఫాస్ట్ బౌలరే. లోడు కదిలాక నా దగ్గరకొచ్చి కూచున్నాడు.

"బాబాయ్, నాన్న నాకెప్పుడూ ఒకటే చెప్తాడు. ఎన్ని ఓవర్లైనా వెయ్యి, ఆఖరి ఓవర్ మాత్రం అడక్కు అని. ఎందుకో ఇవాళ తెలిసింది."

"మరి ఇన్నాళ్ళూ అడగలేదా?"

"లేదు. కెప్టెన్ ఇవ్వబోతే చెయ్యి పట్టేసిందని అబద్ధం చెప్పా. రెండుసార్లు."

నాకు గొంతు పెగల్లేదు. 1997లో ట్రక్కులో అన్న మాట రెండో తరం పిల్లాడి చేతికి సంకెల వేసింది. అన్నవాడికి ఆ మాట గుర్తు కూడా ఉండదు. వాడికి బాలూ కథ చెప్పాను, వందన కథ చెప్పాను, ఇప్పుడు మీకు రాసినట్టే. తెల్లారింది.

ఆ ఏడాది చివర్లో వాళ్ళకి ఒక టోర్నమెంట్ వచ్చింది. సెమీఫైనల్ ఆఖరి ఓవర్‌కి అవతలివాళ్ళకి 11 పరుగులు కావాలి. మావాడు వెళ్ళి బంతి అడిగి తీసుకున్నాడు.

ఈ కథ మన సినిమాల్లోలా ముగిస్తే బాగుండేది. ముగియదు. ఐదు బంతుల్లోనే 11 ఇచ్చేశాడు. ఓడిపోయారు. సాయంత్రానికి జట్టు వాట్సాప్ గ్రూపులో ఒకడు, "కోటాగాళ్ళకి ఆఖరి ఓవర్ ఇస్తే ఇంతే" అని పెట్టాడు. మావాడు స్కోరుకార్డు ఫొటో పెట్టాడు. అందులో మొదటి నలుగురు బ్యాట్స్‌మెన్ కలిపి చేసిన పరుగులు 14. కింద ఒక్క వాక్యం రాశాడు: "నా ఓవర్ నాది, ఒప్పుకుంటున్నా. మీ 14 ఎవరివి?" కెప్టెన్ ఆ మొదటి మెసేజ్ తీయించాడు. తీయించినవాడు మన కులం కాదు. అది కూడా రాయాలి.

మావాడు ఫోన్ చేసి ఇదంతా చెబుతుంటే అన్న పక్కనే ఉన్నాడు. స్పీకర్ పెట్టాను. అంతా విని అన్న ఒకటే అడిగాడు.

"ఆ ఐదో బంతి ఎక్కడేశావ్ రా?"

"లెగ్ మీద పడింది నాన్నా."

"ఊఁ. ఆఫ్ స్టంప్ బయట వెయ్యాల్సింది. రేపు ప్రాక్టీసుందా?"

"ఉంది."

"పొద్దున్నే పో."

ఇరవయ్యేడేళ్ళలో అన్న నోట క్రికెట్ గురించి ఆ మాత్రం మాటలు వినడం నాకదే మొదలు.

ఎనిమిదో భాగంలో మళ్ళీ కలుద్దాం. మీ ఊళ్ళలో, మీ కాలేజీల్లో ఆఖరి ఓవర్ ఎవరికి ఇచ్చారో, ఓడాక ఎవరిని ఏమన్నారో రాయండి. అన్నవాళ్ళ పేర్లు అక్కర్లేదు. పడ్డవాళ్ళు ఇంకా ఆడుతున్నారా లేదా, అది రాయండి.

జై భీమ్.